మాయలో దాగిన తీపి

ఏడో నెల చూడి గేదె. తెల్లారి చూస్తే కొట్టంలో ఈసుకుపోయి ఉంది. మాయ పడలేదు. రైతు ఒట్టి చేతిని లోపలికి పెట్టి మాయ లాగేస్తాడు. చచ్చిన దూడను ఈడ్చుకెళ్లి గట్టు అవతల పడేస్తాడు. దాన్ని కుక్కలు పొలాలన్నీ తిప్పుతాయి. దిష్టి తగిలిందనో, పక్క గేదె పొడిచిందనో ఇంట్లో సర్దిచెప్పుకుంటారు. కొన్ని వారాలకు అతనికే జ్వరం మొదలవుతుంది. సాయంత్రానికి ఒళ్లు కాగిపోతుంది, తెల్లవారుజామున చెమటలు పట్టి దిగిపోతుంది. నడుమూ కీళ్లూ ఒకటే నొప్పులు. మలేరియా పరీక్షా, టైఫాయిడ్ పరీక్షా చేయించుకుంటాడు. గేదె సంగతి డాక్టరుకు చెప్పాలని మాత్రం తోచదు.

నిజానికి ఆ రెండు జబ్బులకూ మూలం ఒకటే. పశువుకు వస్తే ఈసుడు రోగం అంటాం. వైద్యుల పుస్తకాల్లో దాని పేరు బ్రూసెల్లోసిస్.

ఆ చుట్టరికం తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. 1887లో మాల్టా దీవిలో జ్వరంతో చనిపోయిన బ్రిటిష్ సైనికుల ప్లీహంలో డేవిడ్ బ్రూస్ ఈ బ్యాక్టీరియాను చూశాడు. 1897లో డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ ఈసుకుపోయిన ఆవులో ఇంకో బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. రెండూ ఒకే కుటుంబానివని 1918లో ప్రకటించింది ఆలిస్ ఇవాన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. పచ్చిపాల ద్వారా రోగం మనిషికి రావచ్చని ఆమె చెబితే పెద్దపెద్ద వాళ్లే నమ్మలేదు. 1922లో ఆ రోగం ఆమెకే సోకింది. రెండు దశాబ్దాలకు పైగా తగ్గుతూ తిరగబెడుతూ పీడించింది. చివరికి ఆమె మాటే నిలిచింది.

ఇంతకీ ఈ క్రిమి చూడి పశువు గర్భాన్నే ఎందుకు వెతుక్కుంటుంది? దీనికి సగం జవాబు 1962లో దొరికింది. ఆవు మాయలో ఎరిత్రిటాల్ అనే తియ్యటి పదార్థం ఉంటుందనీ, బ్రూసెల్లా అనే ఈ బ్యాక్టీరియాకు గ్లూకోజు కన్నా అదే ఇష్టమనీ బ్రిటన్‌లో హారీ స్మిత్ బృందం కనిపెట్టింది. గొర్రె, మేక, పంది మాయల్లోనూ అది ఉంది. మనిషి మాయలో లేదు. బెల్లం ఉన్నచోటికి చీమలు చేరినట్టు బ్యాక్టీరియా మాయలో చేరి కోట్లకు కోట్లుగా పెరుగుతుంది. మాయ పాడవుతుంది, దూడ నిలవదు. ఈసుకుపోయిన పశువు నుంచి పడే ప్రతి చుక్కలోనూ రోగం ఉంటుంది. రైతు ఒట్టి చేతికి అంటుకునేది అదే.

ఇప్పుడు మన దేశంలో పెయ్య దూడలకు వేస్తున్న ఎస్19 టీకా పుట్టుక ఇంకా విచిత్రమైనది. 1923లో జాన్ బక్ అనే అమెరికన్ ఒక జెర్సీ ఆవు పాల నుంచి ఈ బ్రూసెల్లా రకాన్ని వేరుచేశాడు. అది ఏడాదికి పైగా గది వేడిమిలోనే ఉండిపోయింది. తర్వాత చూస్తే దాని తీవ్రత తగ్గిపోయింది! లోపల ఏం మారిందో అప్పట్లో ఎవరికీ తెలియదు. 1990లలో జన్యువులను చదివినప్పుడు, ఎరిత్రిటాల్‌ను వాడుకునే జన్యువుల దగ్గర 702 అక్షరాలు ఊడిపోయి ఉన్నాయని తేలింది. ఆ ఒక్క లోపంతోనే అది బలహీనపడలేదని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. అయినా టీకా పుట్టిన డెబ్బై ఏళ్ల తర్వాత దాని లోపలి సంగతి కొంతైనా బయటపడిందంటే అది జన్యుశాస్త్రం చలవే.

ఈ క్రిమి ఒంట్లో ఎలా దాక్కుంటుందన్న ప్రశ్నకు జవాబు వెతుకుతున్న వాళ్లలో మన హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. గోపన్‌పల్లిలోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థలో గిరీష్ రాధాకృష్ణన్ బృందం ఈ క్రిమి ఎత్తులనే చదువుతోంది. మన రక్షణ కణాల మీద కావలి గ్రాహకాలు ఉంటాయి. శత్రువు తగలగానే అవి టిరాప్ అనే ప్రోటీన్ ద్వారా లోపలికి కబురు పంపుతాయి. బ్రూసెల్లా దగ్గర అచ్చం దానిలాగే ఉండే టీసీపీబీ అనే ప్రోటీన్ ఉంది. గిరీష్ అమెరికాలో గ్యారీ స్ప్లిటర్ ప్రయోగశాలలో పనిచేస్తున్నప్పుడు 2009లో ఆ పోలికను బయటపెట్టారు. తలారి వేషంలో ఊళ్లోకి వచ్చిన దొంగ అసలు తలారినే మాయం చేసినట్టు, ఈ ప్రోటీన్ టిరాప్‌ను నాశనం చేయిస్తుంది. కబురు అందదు, కణం మేలుకోదు. తనను మింగేసి చంపాల్సిన కణంలోనే బ్రూసెల్లా కాపురం పెడుతుంది. హైదరాబాద్ బృందం 2017లో ఇంకో సంగతి చూపింది: ప్రమాద ఘంటికలు మోగించే కాస్పేస్ ప్రోటీన్లను కూడా టీసీపీబీ నాశనం చేయిస్తోంది. దీర్ఘకాలం వేధించే రోగానికి మూలం ఇలాంటి చోటే ఉంది. అందుకే మనుషులకు రెండు రకాల యాంటీబయాటిక్స్ కలిపి ఆరు వారాలు వాడాల్సి వస్తుంది.

పశువులో రోగం పట్టుకునే పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. తెల్ల పలక మీద పశువు రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క, పక్కన గులాబీ రంగు మందు ఒక చుక్క వేస్తారు. ఆ రంగు చచ్చిన బ్రూసెల్లా కణాలకు పట్టించిందే. పుల్లతో కలిపి నాలుగు నిమిషాలు పలకను మెల్లగా ఊపుతారు. చుక్క నున్నగా ఉండిపోతే భయం లేదు. పాలు విరిగినట్టు పలుకులుగా విడిపోతే అనుమానించాలి. చిక్కేమిటంటే ఎస్19 టీకా వేసిన పశువు రక్తం కూడా ఒక్కోసారి ఇలాగే విరుగుతుంది. రోగమా, టీకానా తెలియదు. ఈ చిక్కు విప్పడానికే ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎస్19 లోంచి పెర్ అనే జన్యువును తీసేసి కొత్త రకం తయారుచేశారు. టీకా పడిన పశువునూ రోగం సోకిన పశువునూ విడదీసి చూడగలమని 2015లో ప్రచురించారు.

కొన్ని దేశాలు రోగం ఉన్న పశువులన్నిటినీ ఏరి చంపి, రైతుకు పరిహారమిచ్చి గట్టెక్కాయి. మన పల్లెల్లో అది జరిగే పని కాదు. మనకు టీకాయే దిక్కు. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ కార్యక్రమం ఏటా 3.6 కోట్ల పెయ్య దూడలకు ఉచితంగా టీకా వేయాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రయోగశాలలో ఎంత కనిపెట్టినా, కొట్టం దగ్గర సూది పడకపోతే ఆ చదువంతా వృథా.

మీ ఇంట్లో నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య ఉంటే పశువైద్యశాలకు తోలుకెళ్లండి. జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు. చూడి పశువుకు మాత్రం ఈ టీకా వేయించకండి, ఈసుకుపోయే ప్రమాదం ఉంది. ఈసుకుపోయిన దూడనూ మాయనూ తొడుగులు లేకుండా ముట్టుకోకండి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. పాలు కాచకుండా తాగకండి. జ్వరం పట్టి వదలకపోతే, కొట్టంలో ఏం జరిగిందో డాక్టరుకు మీరే చెప్పండి.