గని తవ్వితే ఊరికి వాటా ఉంది, ఎండకి ఎందుకు లేదు?

ఈరోజు బెలుం గుహల బయట కూర్చుని మాట్లాడుతున్నా. ఈ గుహలు సున్నపురాయిలో నీళ్లు తొలిచినవి. అదే రాయి కోసం ఈ కొలిమిగుండ్ల చుట్టుపక్కల సిమెంట్ కంపెనీల గనులున్నాయి.

ఇదే నంద్యాల జిల్లాలో ఉత్తరానికి వెళ్తే గని అనే ఊరుంది. అక్కడ, పక్కనే కర్నూలు జిల్లా శకునాల దగ్గర కలిపి 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. దాదాపు 5,900 ఎకరాలు. 2017 నుంచి కరెంటు ఇస్తోంది.

2023లో దుబాయ్ వాతావరణ సదస్సులో దేశాలు ఒక మాట ఒప్పుకున్నాయి: బొగ్గు, చమురు, గ్యాస్ నుంచి న్యాయంగా బయటపడాలి అని. న్యాయంగా అంటే ఏంటి? రేపు సింగరేణిలో ఒక గని మూతపడితే కార్మికుడికి ఇంకో పని దొరకాలి. ఇది సగమే. కొత్త కరెంటు పుట్టే ఊరికి ఏం మిగులుతుంది అన్నది మిగతా సగం.

భూమి పోతే పట్టా ఉన్న రైతుకి డబ్బొస్తుంది. మరి ఆ చేలో కలుపు తీసే కూలీకి? గొర్రెలు మేపుకునేవాళ్లకి? ప్యానెళ్లు బిగించాక అక్కడ కావాల్సిన మనుషులు తక్కువే. కాపలా, ప్యానెళ్లు కడగడం, అంతే.

ఇప్పుడు అసలు పాయింట్. 2015లో గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. గని యజమాని రాయల్టీ కాకుండా, దాంట్లో 10 లేదా 30 శాతం అదనంగా కట్టాలి. ఆ డబ్బు గనుల ఊళ్లలో తాగునీటికి, వైద్యానికి, చదువుకి. కానీ ఈ చట్టం ఖనిజాలకే. ఎండకీ, గాలికీ వర్తించదు.

జలవిద్యుత్‌కి మాత్రం 2008 కేంద్ర విధానంలో 1 శాతం కరెంటు స్థానిక అభివృద్ధి నిధికి అని ఉంది. సోలార్‌కి కూడా ఇదే పెడితే?

లెక్క వేద్దాం. 1000 మెగావాట్లు, సగటున 20 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 175 కోట్ల యూనిట్లు. 1 శాతం అంటే 1.75 కోట్ల యూనిట్లు. యూనిట్ 4 రూపాయలనుకుంటే ఏటా 7 కోట్లు. కొనేవాళ్ల మీద పడేది యూనిట్‌కి 4 పైసలు. ఒక్క యూనిట్‌తో మీ ఫోన్ 50 సార్లు ఛార్జ్ అవుతుంది!

ఒకటే షరతు. ఆ 7 కోట్లు ఎక్కడ ఖర్చు పెట్టాలో గ్రామసభే తేల్చాలి. కూలీలు కూడా కూర్చున్న గ్రామసభ.

మీ ఊరి దగ్గర సోలార్, గాలిమరలు ఉంటే, ఊరికి ఏం వచ్చిందో కామెంట్లో రాయండి. ఉంటా మరి.