ఇంటి వ్యాపారం – కాలనియమం

మన పూర్వులు కాలాన్ని ఘడియలతో కొలిచారు. 24 నిమిషాలు ఒక ఘడియ; 60 ఘడియలు ఒక రోజు. రాజు పగటిని ఎనిమిది భాగాలుగా, రాత్రిని ఎనిమిది భాగాలుగా విభజించుకోవాలని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నిర్దేశించాడు. ఆదాయవ్యయాల పరిశీలనకు, ప్రజల మొరలు ఆలకించడానికి, స్నానభోజనాలకు, నిద్రకు వేర్వేరు భాగాలు కేటాయించాడు. రాజుకు మంత్రులు, కోశాధికారులు, సేవకులు ఉంటారు. ఇంట్లో ఉండి చిన్న వ్యాపారం సాగించే గృహిణికి వారెవరూ లేరు. సరుకు తెచ్చేదీ, అమ్మేదీ, లెక్క రాసేదీ, వంట చేసేదీ ఆమె ఒక్కతే. కనుక కాలవిభజన రాజుకంటే ఆమెకే ఎక్కువ అవసరం.

దుకాణం లేకుండా కొనుగోలుదారు ఇంటికే సరుకు చేర్చి అమ్మడాన్ని ప్రత్యక్ష విక్రయం అంటారు. ఇది మనకు కొత్త కాదు. గాజుల మలారం భుజాన వేసుకొని, చీరల మూట నెత్తిన పెట్టుకొని వీధి వీధీ తిరిగిన వర్తకులు చేసినది ఇదే. అమెరికాలో 1886లో డేవిడ్ మెక్కానెల్ స్థాపించిన పరిమళ ద్రవ్యాల సంస్థ స్త్రీలనే విక్రేతలుగా నియమించి, ఈ పద్ధతిని పెద్ద వ్యాపారంగా మలచింది. అదే తరువాత ఏవన్ అనే పేరుతో ప్రసిద్ధమైంది.

సామర్లకోటను ఉదాహరణగా తీసుకుందాం. పంచారామాలలో ఒకటైన కుమారారామం వెలసిన పట్టణమిది. చెన్నై – హౌరా రైలుమార్గం నుండి కాకినాడకు శాఖ చీలేది ఇక్కడే. పక్కనే పట్టుచీరల పెద్దాపురం; కాకినాడ దాటితే, 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన జాంధానీ చీరల ఉప్పాడ. ఇలాంటి ఊరిలో ఒక గృహిణి చీరలు తెచ్చి ఇంటి వద్ద అమ్మాలనుకోవడం సహజం. పెట్టుబడి సంగతి అందరూ ఆలోచిస్తారు. కాలం సంగతి ఆలోచించేవారు అరుదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆమెకు నెలకు చీరలపై 3,000 రూపాయలు మిగిలాయనుకుందాం. ఆటో ఖర్చు 600 పోతే 2,400. రోజుకు 4 గంటల చొప్పున 25 రోజులు తిరిగితే 100 గంటలు. అంటే గంట శ్రమకు దక్కినది 24 రూపాయలే. ఎవరు పిలిస్తే అప్పుడు పరుగెత్తడం మాని సోమవారం స్టేషన్ ప్రాంతం, బుధవారం గుడి వీధులు, శుక్రవారం వేట్లపాలెం అని నియమం పెట్టుకుంటే, అదే అమ్మకం 60 గంటలలో పూర్తికావచ్చు. ఆటో ఖర్చు 300కు తగ్గితే మిగిలేది 2,700. గంటకు 45 రూపాయలు. అమ్మకం పెరగలేదు, శ్రమ విలువ పెరిగింది. కాలాన్ని లెక్కలో చేర్చని లాభం సగం తెలిసిన లాభమే.

కాలనియమానికి మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది పరిశీలన: ఒక వారం పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో పుస్తకంలో రాసుకోవాలి. రెండవది విభజన: అమ్మకాలకు, బాకీల వసూలుకు, ఖాతా రాయడానికి వేర్వేరు వేళలు నిర్ణయించాలి. వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలకు వచ్చిన ప్రతిసారీ కాక, రోజుకు రెండు వేళలలో బదులివ్వడం మేలు. మూడవది ముందుచూపు: శ్రావణమాసపు వ్రతాలకు కావలసిన చీరలు ఆషాఢంలోనే సమకూర్చుకోవాలి. పండుగ ముంగిట సరుకు కోసం పరుగెత్తేవారికి ధరా కలిసిరాదు, సమయమూ చాలదు. నిర్ణీత వేళ లేని పని దొరికినంత కాలాన్నీ ఆక్రమిస్తుందని 1955లో పార్కిన్‌సన్ అనే ఆంగ్ల రచయిత చమత్కరించాడు. ఇంటి వ్యాపారానికి ఆ మాట చక్కగా వర్తిస్తుంది.

కొనుగోలుదారు కాలాన్ని గౌరవించడం కూడా ఇందులో భాగమే. భారత ప్రభుత్వం 2021 డిసెంబరులో ప్రకటించిన ప్రత్యక్ష విక్రయ నియమాల ప్రకారం, ముందుగా అనుమతి పొందకుండా, గుర్తింపు కార్డు లేకుండా విక్రేత ఎవరి ఇంటికీ వెళ్లరాదు. సరుకు అమ్మడం కంటే కొత్త సభ్యులను చేర్చడం మీదనే ఆదాయం చూపే గొలుసుకట్టు పథకాలను కూడా ఆ నియమాలు నిషేధించాయి. అటువంటి పథకాలలో చిక్కినవారు ధనంతోపాటు తిరిగిరాని కాలాన్ని, బంధుమిత్రుల నమ్మకాన్ని కూడా కోల్పోతారు.

అయితే పట్టిక వేసుకున్నంత మాత్రాన గృహిణికి కాలం దొరకదు. 2024లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. మన పాత కొలతలో చెప్పాలంటే స్త్రీకి పన్నెండు ఘడియలు, పురుషునికి నాలుగు ఘడియలైనా లేవు. ఈ భారం అలాగే ఉండగా, వేళకు పని ముగించలేదని ఆమెను తప్పుపట్టడం న్యాయం కాదు. భర్త సంతలో కూరగాయలు తెచ్చి, కుమారుడు గిన్నెలు కడిగి, కుమార్తె ఖాతా సరిచూస్తే ఆమెకు రోజూ రెండు మూడు ఘడియలు మిగులుతాయి. ఆ ఘడియలలో వ్యాపారమే చేయాలని లేదు. కొంత విశ్రాంతి కూడా ఆమె హక్కే.

పోయిన ధనాన్ని తిరిగి ఆర్జించవచ్చు. పోయిన ఘడియను ఆర్జించలేము. చదువుకునే వయసులోనే కాలం విలువ గ్రహించిన విద్యార్థి తన దినచర్యను దిద్దుకోవడమే కాక, తన ఇంట అమ్మ కాలానికి కూడా విలువ కట్టడం నేర్చుకుంటాడు. కాలనియమం ఒక్కరు పాటించే వ్రతం కాదు. ఇంటిల్లిపాదీ కలిసి పంచుకోవలసిన బాధ్యత.