ట్యాబ్ ఇచ్చారు సరే, మరి లెక్కలు వచ్చాయా?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. మీ స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ఉండేదా? ఉంటే, మౌస్ ఎన్నిసార్లు మీ చేతికి వచ్చింది?

మా స్కూల్లో ఉండేది. చెప్పులు బయట విప్పి, లైన్‌లో లోపలికి వెళ్ళేవాళ్ళం. ఒక్కో కంప్యూటర్ ముందు ఐదుగురం. మౌస్ ఎప్పుడూ ఒక్కడి చేతిలోనే. మిగతా రోజులు గదికి తాళం, మానిటర్లకి గుడ్డ కవర్లు. పరీక్షలో మాత్రం 'సీపీయూ అంటే ఏమిటి' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. అది కంప్యూటర్ చదువు కాదండీ, కంప్యూటర్ దర్శనం!

మన దేశంలో ఈ కథ కొత్తది కాదు. 1984లోనే కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే ప్రాజెక్టు పెట్టి, బ్రిటన్ నుంచి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను స్కూళ్ళకి ఇచ్చింది. అక్కడి నుంచి ఇప్పటికి వస్తే, 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ స్కూళ్ళ 8వ తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. క్లాసుల్లో గోడకి పెద్ద టచ్ ప్యానెల్స్ కూడా వచ్చాయి. అంటే వస్తువు చేతికి అందింది. మరి చదువు వచ్చిందా?

ఇక్కడ పెరూ దేశం సంగతి చెప్పాలి. అక్కడి ప్రభుత్వం 'పిల్లవాడికో ల్యాప్‌టాప్' అనే పథకం కింద లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. తర్వాత 319 పల్లెటూరి స్కూళ్ళలో పరిశీలించి 2012లో రిపోర్ట్ ఇచ్చారు. లెక్కల్లో గానీ, భాషలో గానీ మార్కులు పెరిగిన దాఖలా లేదు. ల్యాప్‌టాప్ వాడటం మాత్రం బాగా వచ్చింది. ఇది వినగానే 'చూశారా, టెక్నాలజీ వేస్ట్' అనేస్తారు కొంతమంది. ఆగండి, అంత సింపుల్ కాదు.

గుజరాత్‌లో ఒక పరిశోధన జరిగింది. లీ లిండెన్ అనే ఆర్థికవేత్త చేశారు, 2008లో రాశారు. ఒకే రకం లెక్కల సాఫ్ట్‌వేర్. కొన్ని చోట్ల టీచర్ పాఠం చెప్పే టైమ్‌లోంచి పిల్లల్ని తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మిగతా చోట్ల టీచర్ పాఠాన్ని కదపకుండా, స్కూల్ టైమ్‌కి బయట అదనంగా కూర్చోబెట్టారు. రిజల్ట్ ఏంటో తెలుసా? మొదటి రకం పిల్లలు వెనకబడ్డారు, రెండో రకం పిల్లలు ముందుకెళ్ళారు. తేడా అంతా మిషన్ ఎవరి టైమ్ తీసుకుంది అన్న దాంట్లోనే ఉంది. మంచి టీచర్ పాఠం ఆపేసి వీడియో పెడితే నష్టమే. ఆ పీరియడ్‌లో అసలు పాఠమే జరగట్లేదనుకోండి, అప్పుడు సంగతి వేరు.

ఇంకోటి ఢిల్లీలో. 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేర్‌తో, స్కూల్ అయ్యాక నడిచే సెంటర్లు. వచ్చిన పిల్లల్ని ముందు టెస్ట్ చేస్తే, 6వ తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. అంటే పుస్తకం 6వ తరగతిది, బుర్రలో ఉన్నది 3వ తరగతిది. ఈ పిల్లాడికి 6వ తరగతి పాఠాన్ని బ్లాక్‌బోర్డ్ మీద చెప్పినా, టచ్ ప్యానెల్ మీద యానిమేషన్‌తో చూపించినా ఒకటే. అర్థం కాదు.

ఒక ఉదాహరణ చూడండి. 3.27, 3.5 లలో ఏది పెద్దది? చాలామంది పిల్లలు 3.27 అంటారు. ఎందుకంటే 5 కన్నా 27 పెద్దది కదా! ఇది బద్ధకం కాదు, ఒక పద్ధతి ప్రకారం జరిగే తప్పు. అరవై మంది ఉన్న క్లాసులో ఎవరు ఏ తప్పు ఎందుకు చేస్తున్నారో టీచర్‌కి పట్టుకోవడం కష్టం. సాఫ్ట్‌వేర్ పట్టుకోగలదు. పట్టుకుని, పిల్లాడు ఎక్కడ ఆగాడో ఆ మెట్టుకి వెనక్కి తీసుకెళ్తుంది. పక్కవాడికి తెలియదు కాబట్టి సిగ్గు కూడా ఉండదు. నా దృష్టిలో కంప్యూటర్ వల్ల అసలు లాభం ఇదే.

నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు లెక్కల్లో, హిందీలో కూడా మిగతావాళ్ళకంటే స్పష్టంగా ముందుకెళ్ళారు. ఒక్క మాట మాత్రం దాచకూడదు. గంటన్నరలో సగం టైమే సాఫ్ట్‌వేర్, మిగతా సగం ఒక ట్యూటర్ చిన్న గ్రూప్‌కి చెప్పేవారు. కాబట్టి క్రెడిట్ అంతా మిషన్‌కి ఇవ్వలేం.

ఇప్పుడు మీ ఇంట్లో ట్యాబ్ పట్టుకున్న తమ్ముడో చెల్లో ఉంటే ఈరోజే ఒక పని చేయండి. 'చదువుతున్నావా, గేమ్ ఆడుతున్నావా' అని అడగొద్దు, జవాబు మీకూ తెలుసు, వాడికీ తెలుసు. పక్కన కూర్చుని ఒక లెక్క తప్పు చేయమనండి. తప్పు చేశాక స్క్రీన్ ఏం చేస్తుందో చూడండి. ఉత్త ఎర్ర ఇంటూ గుర్తు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతే, అది గైడ్ పుస్తకమే, కాకపోతే ఛార్జింగ్ పెట్టాలి. తప్పు ఎందుకొచ్చిందో చూపించి, కింది మెట్టు నుంచి మళ్ళీ చేయిస్తే వాడనివ్వండి. రోజుకో అరగంట, టీచర్ క్లాస్ అయ్యాకే. ఆ 3.27 ప్రశ్న కూడా అడగండి. 3.27 అన్నాడంటే, ఎక్కడ మొదలుపెట్టాలో మీకు తెలిసిపోయింది.