శనివారపు నవ్వు

వారమంతయు వార్తలు చదివి బరువెక్కిన మనస్సు వారాంతమున నవ్వును గోరుట సహజము. ఇంగ్లండు దేశమున నట్టి కోరికను దీర్చినది "దట్ వాజ్ ద వీక్ దట్ వాజ్" అను టెలివిజను ప్రదర్శనము. "గడచిన వార మట్టిది" యని దాని భావము. బి.బి.సి. వారు దీనిని 1962 నవంబరు 24వ తేదీని ప్రారంభించిరి.

శనివారము రాత్రులందు మిల్లిసెంట్ మార్టిన్ అను గాయని ఆ వారపు సంగతులను పాటగా పాడుచుండెను. డేవిడ్ ఫ్రాస్ట్ అను యువకుడు ప్రదర్శనమును నడుపుచుండెను. ప్రధానమంత్రి మాక్మిలను సైతము వారి యెకసక్కెములనుండి తప్పించుకొనలేకపోయెను.

జనులు దీని కేల మరగిరి? మన పెండ్లిండ్లలో స్త్రీలు వియ్యాలవారిని పాటలతో వేళాకోళము చేయుదురు గదా! ఇతర దినములలో నోట రాని మాట ఆనాడు పాటలో వెలువడును, కోపగించినవారే పలుచనగుదురు. ఏలికలయెడ నట్టి చనువు అచ్చటి ప్రజలకు వారమున కొక్క రాత్రి లభించెను.

అయితే ఆ నవ్వు హృదయము లేనిది కాదు. 1963 నవంబరు 22వ తేదీని అమెరికా యధ్యక్షుడు కెనడీ హత్య గావింపబడెను. మరునాడు శనివారము. నాడు వారు పరిహాసమును పూర్తిగా విడిచి, ఆయనకు నివాళి యర్పించిరి.

1964 ఎన్నికల సంవత్సరమగుటచే, పక్షపాతశంక కలుగకుండుటకై బి.బి.సి. వారు 1963 డిసెంబరుతో ప్రదర్శనమును నిలిపివేసిరి. నవ్వున కెంతటి బలము గలదో దీనివలననే తెలియుచున్నది.

సోదరీమణులారా! ఎప్పుడు నవ్వవలెనో, ఎప్పుడు మానవలెనో యెరిగిన హాస్యమే లోకమునందైనను, మన యిండ్లయందైనను జెల్లును.