పడిగె మీద కాలం

మనం గీసే గ్రాఫుల్లో కాలానికి ఒకటే దారి. సున్నా దగ్గర మొదలై కుడివైపుకి పోతూనే ఉంటుంది. ల్యాబ్ రికార్డుకి అది చాలు. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ములకలపల్లి, మణుగూరు, భద్రాచలం అడవి పల్లెల్లో ఉండే కోయలు మాత్రం తమ కాలాన్ని గుడ్డ మీద దాచుకున్నారు. ఆ గుడ్డ పేరు పడిగె.

పడిగె అంటే పొడవాటి త్రికోణాకారపు జెండా. దాని మీద వేల్పులు, పూర్వీకులు, జంతువుల బొమ్మలుంటాయి. కోయలు గట్లుగా విడిపోయి ఉంటారు: మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు ఇలా. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ముల లెక్క, వాళ్ల మధ్య పెళ్లిళ్లుండవు. కాబట్టి ఎవరు ఏ గట్టో తెలియడం ఇవాళ్టి అవసరం కూడా. ఏ గట్టు వేల్పు దానిదే, ఏ గట్టు కథ దానిదే.

ఆ కథ చెప్పేది డోలీలు. కోయల వంశకథలు పాడటమే వాళ్ల వృత్తి. వేల్పుల కొలుపులో పడిగె ముందు పెట్టి, డోలు వాయిస్తూ, బొమ్మ వెంట బొమ్మ కథ నడిపిస్తారు. అక్షరం లేని చోట ఇది ఒక రకం డేటాబేస్ అనుకోండి. బొమ్మలు గుడ్డ మీద ఉంటాయి, వాటి అర్థం గాయకుడి గొంతులో ఉంటుంది. ఒకటి పోతే రెండోది మూగబోతుంది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి గొంతు. కోయ భాషలోనూ తెలుగులోనూ సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు పడిగెలనూ డోలీల కథలనూ సేకరించబట్టి కొంతైనా మిగిలింది.

ఇంతకీ పాత కథతో రేపటికి పనేంటి? దీనికి జవాబు అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి మొదలుపెడదాం. అక్కడ రషీదా ఫిలిప్స్, కమే అయేవా అనే ఇద్దరు నల్లజాతి మహిళలు 'బ్లాక్ క్వాంటమ్ ఫ్యూచరిజం' అనే కళాబృందం మొదలుపెట్టారు. ఫిలిప్స్ ఇళ్ల హక్కుల లాయరు, అయేవా కవయిత్రి, సంగీతకారిణి. 2016లో నార్త్ ఫిలడెల్ఫియాలో 'కమ్యూనిటీ ఫ్యూచర్స్ ల్యాబ్' తెరిచారు. పునర్నిర్మాణం పేరుతో ఇళ్లు పోతున్న పేట అది. అక్కడివాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేశారు, రేపు ఈ పేట ఎలా ఉండాలో వాళ్లనే అడిగారు. వాళ్ల వాదన తేలికే: ఒక పేటకి గతం లేదని రాసేస్తే, దాని భవిష్యత్తును ఎవరైనా రాసేయొచ్చు. తర్వాత ఈ బృందం సెర్న్‌లో, అంటే కణభౌతిక శాస్త్రవేత్తల మధ్య కూడా పనిచేసింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. ఇక్కడ పోడు భూమికి పట్టా కావాలంటే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13 నాటికే ఆ నేల తమ చేతిలో ఉందని గిరిజనులు చూపించాలి. ఏం చూపిస్తారు? రసీదులు అందరి దగ్గరా ఉండవు. అందుకే చట్టం కింద వచ్చిన నిబంధనల్లో సాక్ష్యాల జాబితా పెద్దదే ఇచ్చారు. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు అందులో ఉన్నాయి. పాత రికార్డుల్లో ఉన్న మనుషుల దాకా వెళ్లే వంశవృక్షం, పెద్దమనుషులు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం కూడా పనికొస్తాయి. అంటే జ్ఞాపకం చట్టం ముందు నిలబడగల వస్తువే. ఈ వేల్పు ఇక్కడే ఎందుకుంది, ఈ సమాధి ఎవరిది అని చెప్పగల ముసలాయన పోయాడంటే, ఆ కుటుంబం ఒక సాక్షిని పోగొట్టుకున్నట్టే.

మన చేతుల్లో మైకులున్నాయి, స్కానర్లున్నాయి, స్టోరేజీ ఉంది. ములకలపల్లి వైపు పల్లెల నుంచి వచ్చి చదువుకునే కోయ విద్యార్థులున్న కాలేజీల్లో ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద ప్రాజెక్టు గ్రాంటు అక్కర్లేదు. కానీ కొన్ని పద్ధతులు పాటించాలి. ముందు ఊరి పెద్దల అనుమతి తీసుకోవాలి. పడిగెను ఎప్పుడు పడితే అప్పుడు బయటికి తీయరు, ఫోటో కోసం తీయమని అడగకూడదు. పాట కోయలో ఉంటే కోయలోనే రికార్డు చేయాలి, తెలుగు అర్థం పక్కన రాసుకోవాలి. మొదటి కాపీ ఊరికే ఇవ్వాలి, ఆన్‌లైన్‌లో ఏది పెట్టాలో వాళ్లే చెప్పాలి.

ఈ సెలవుల్లో ఇంటికెళ్లే కోయ మిత్రులు తమ తాతనో అమ్మమ్మనో ఒక్క ప్రశ్న అడిగి మొదలుపెట్టొచ్చు: మనది ఏ గట్టు, మన వేల్పు ఎక్కడినుంచి వచ్చింది?