కడుపు పెరిగితే భుజం పెరగదు

అయిదో నెల వచ్చేసరికి రోజూ వేసుకునే కుర్తీ పొట్ట దగ్గర పట్టేస్తుంది. వెంటనే చాలామంది దుకాణానికి వెళ్లి రెండు సైజులు పెద్దది కొనుక్కొస్తారు. మీడియం సైజు మనిషి ఎక్స్‌ఎల్ తొడుక్కుంటే పొట్టకి సరిపోతుంది గానీ భుజం కుట్టు చేతిమీదకి జారుతుంది, వంగినప్పుడల్లా మెడ తెరుచుకుంటుంది. రెడీమేడ్‌లో సైజు పెరిగితే భుజం, మెడ, చంక అన్నీ కలిసి పెరుగుతాయి మరి. గర్భిణికి పెరిగేది ఛాతీ, అంతకన్నా ఎక్కువగా పొట్ట. అదీ ముందువైపే. కుట్టు మిషన్ ఉన్న ఇంట్లో దీనికి కొత్త ప్యాటర్న్ వెతకనక్కర్లేదు. ఒంటికి చక్కగా కుదిరిన పాత కుర్తీనే ఆదిగా పెట్టుకుని, మారాల్సిన చోట మార్చుకుంటే చాలు.

పెరిగే చోట మాత్రమే సాగే బట్టతో ఒకామె పెద్ద వ్యాపారమే కట్టింది. ఆమె పేరు లీనా బ్రయంట్. లిథువేనియా నుంచి అమెరికా వలస వెళ్లి, 1904లో న్యూయార్క్‌లో చిన్న కుట్టు దుకాణం తెరిచింది. గర్భిణి ఒకామె వచ్చి, నలుగురిలోకి వేసుకెళ్లగలిగే గౌను కుట్టమంది. లీనా పై భాగాన్నీ, కింది మడతల పావడానీ ఎలాస్టిక్ పట్టీతో కలిపి కుట్టిచ్చింది. ఆ గౌన్లకి ప్రకటన వేయడానికి పత్రికలు సిగ్గుపడ్డాయి. న్యూయార్క్ హెరాల్డ్ 1911లో గానీ ఒప్పుకోలేదు.

ఇక కుర్తీ సంగతి. ఆది కుర్తీ ముందు భాగాన్ని పాత పేపరు మీద సగానికి గీసుకోవాలి. వెనక భాగం జోలికి పోనక్కర్లేదు. ముందువైపు నడుము డార్టులు ఉంటే తీసేయాలి, ఛాతీ డార్టు ఉండనివ్వాలి. గుడ్డను రెండు మడతలు వేసి పరిచాక, పేపరును మెడ దగ్గర మడత అంచుకి ఆనించి, కింది కొసను మాత్రం 2 అంగుళాలు ఎడంగా జరపాలి. విప్పితే కింద ఘేర్ 4 అంగుళాలు పెరుగుతుంది, భుజం అలాగే ఉంటుంది.

వెడల్పు అందరికీ తడుతుంది. మరిచిపోయేది పొడవు. పొట్ట బట్టను పైకి ఎత్తేస్తుంది కాబట్టి ఏడో నెలకి కుర్తీ ముందు అంచు లేచిపోయి, వెనక అంచు కిందికి వేలాడినట్టు కనిపిస్తుంది. అందుకే గుడ్డ కత్తిరించక ముందే పేపరును బొడ్డు దగ్గర అడ్డంగా కోసి, కింది ముక్కను 2 అంగుళాలు దించి, మధ్యలో పేపరు పట్టీ అతికించాలి. ఇప్పుడు పక్కల్లో ముందు ముక్క వెనక ముక్క కన్నా 2 అంగుళాలు పొడవుంటుంది. ఆ ఎక్కువను ఛాతీ కింది నుంచి తుంటి వరకు సన్నని కుచ్చులుగా పరిచి పక్క కుట్టులో కలిపేయాలి. ఒక్కచోటే కుచ్చు పోస్తే ముద్దకట్టి అసహ్యంగా ఉంటుంది. సైడ్ కట్స్ పొట్ట దగ్గర విచ్చుకుంటాయి, వాటిని మూసేసి కుట్టడమే మంచిది. నెలలు నిండకముందే కుడుతుంటే చిన్న దిండు పొట్టకి కట్టుకుని సరిచూసుకోవచ్చు.

గుడ్డ మెత్తగా ఉండాలి. గంజి పెట్టిన కాటన్ పొట్టమీద గొడుగులా నిలబడుతుంది. రేయాన్, నలిగిన మల్ మల్ అయితే ఒంటి మీద జారుగా ఉంటాయి. ఏదైనా తడిపి ఆరేశాకే కత్తెర పెట్టాలి.

ప్యాంటు బొందు పొట్టను కోస్తుంది. డల్లాస్‌లో ఎల్సీ ఫ్రాంక్‌ఫర్ట్ 1938లో తన అక్క కోసం స్కర్టుకి పొట్ట దగ్గర కిటికీలా కోసి ఈ చిక్కు తీర్చింది. ఇంట్లో ఇంకా సులువు: ప్యాంటు ముందు భాగాన్ని పొట్ట కింది వంపు మేరకు కోసి, ఆ ఖాళీలో పాత టీషర్టు నుంచి బనియన్ గుడ్డ అతకాలి. గుడ్డ సాగే వైపు అడ్డంగా రావాలి. మామూలు సూదితో కుట్లు తప్పుతుంటే బాల్‌పాయింట్ సూది మార్చాలి. జిగ్‌జాగ్ లేని పాత మిషనైతే గుడ్డను కొంచెం సాగదీసి పట్టుకుని కుట్టాలి.

చీరకి బెంగ లేదు, కుచ్చిళ్లు రెండు తగ్గిస్తే సరి. సీమంతం నాటికి పట్టనిది జాకెట్టే. లోపల గుడ్డ వదిలి కుట్టి ఉంటే, రెండు పక్కలా ముందూ వెనకా అరంగుళం చొప్పున విప్పితే మొత్తం 2 అంగుళాలు వదులవుతుంది. లోపల గుడ్డ లేకపోతే చంక కింది నుంచి అంచు దాకా పట్టీ వేయాలి. చెయ్యి కింద ఉంటుంది కాబట్టి బయటికి పెద్దగా కనపడదు.

పాలిచ్చే రోజుల్లోనూ ఈ బట్టలే పనికిరావాలంటే కుట్టేటప్పుడే ఆలోచించాలి. ముందు హుక్కుల జాకెట్టుకి ఆ బెడద లేదు. కుర్తీకి, నైటీకి ప్రిన్సెస్ కట్ వేయించి, రెండు కుట్లలోనూ 7 అంగుళాల జిప్పులు పెడితే వీలుగా ఉంటుంది. జిప్పు వెనక మెత్తటి పట్టీ మాత్రం తప్పనిసరి. లేకపోతే పళ్లు తల్లికీ బిడ్డకీ గీసుకుంటాయి.