కల్పిత యంత్రముల డిస్కులకు యంత్రపు కావలి



అప్పుపత్రములును, వాటాధనపు లెక్కలును, ఎరువుల నిలువ పుస్తకమును సంఘ కార్యాలయములోని బీరువాలో నుండిన కాలమున వాని క్షేమమును రైతు తన కన్నులతోనే చూచుకొనగలిగెడివాడు. చెద పట్టినదా, పైకప్పు కురియుచున్నదా యని యొకసారి తొంగిచూచిన చాలును. ఇప్పుడా లెక్కలు యంత్రములలోనికి పోవుచున్నవి. దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు రు. 2,516 కోట్ల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించెను. సంఘముల కన్నిటికిని ఒకే తీరున, క్లౌడ్ పద్ధతిపై నడచు సాఫ్ట్‌వేరు నిచ్చుట అందులోని ముఖ్యాంశము.

క్లౌడ్ అనగా మేఘము. అయినను మన లెక్కలు మేఘములలో లేవు. దూరముననున్న యొక గదిలో, ఒక డిస్కుపై నున్నవి. ఇట్టి డిస్కులను నేడు చాలవరకు కనిపెట్టుచున్నది మనుష్యుడు కాదు. యంత్రమునకు ముందుగా వ్రాసియిచ్చిన ఆజ్ఞలు. ఆ కావలి యెట్టిది, దానివలన లాభమేమి, అపాయమేమి యను సంగతిని సభ్యులెల్లరు నెరుగుట మంచిది.

కల్పిత యంత్రమన నేమి?

ఒక పెద్ద కంప్యూటరును సాఫ్ట్‌వేరుచేత పలుభాగములు గావించి, ఒక్కొక్క భాగము వేరు కంప్యూటరువలె నడచునట్లు చేయుదురు. ఇట్టి భాగమునకు వర్చువల్ మెషిన్, అనగా కల్పిత యంత్రము, అని పేరు. ఈ విద్య నేటిది కాదు. ఐబీఎం సంస్థవారు 1972లో ప్రకటించిన వీఎం/370 పద్ధతిలోనే ఒక డిస్కును ‘మినీడిస్కులు’గా భాగించి పలువురకు పంచి యిచ్చుట యుండెను. 1999లో వీఎంవేర్ సంస్థ దీనిని బల్లపై నుంచుకొను సామాన్య కంప్యూటర్లకు తెచ్చెను. 2007లో కేవీఎం అను సాధనము లినక్సులో చేరినపిమ్మట నిది మరింత వ్యాపించెను.

కల్పిత యంత్రము తనకొక డిస్కు గలదని తలంచును. నిజమున కది చాలచోట్ల పెద్ద నిల్వలోని యొక ఫైలు మాత్రమే. గావున దానిని నిమిషములలో పుట్టింపవచ్చును, పెంచవచ్చును, మరియొక యంత్రమునకు మార్చవచ్చును. ఒక్క ఆజ్ఞతో తుడిచివేయనువచ్చును. మేలును కీడును ఇందే యున్నవి.

చెరువును ఆయకట్టును

1,000 జీబీల నిల్వగల యొక కంప్యూటరుపై 20 కల్పిత యంత్రములుండెననుకొందము. ఒక్కొక్కదానికి 100 జీబీల డిస్కు ఇచ్చితిమని వ్రాయుదురు. మొత్తము 2,000 జీబీలైనది గదా! ఉన్నదో 1,000. ఇది మోసము కాదు. ఏ యంత్రమును తన 100 జీబీలను మొదటి దినముననే నింపదు; వ్రాసినంత మేరకే నిజమైన చోటు ఖర్చగును. దీనిని ‘థిన్’ డిస్కు, అనగా పలుచని డిస్కు, అందురు.

చెరువు క్రింద ఆయకట్టు నీటికి మించి వ్రాయబడియుండుట మనమెరుగుదుము. అందరును ఒక్కసారి తూము తెరువకున్నంతవరకు పైరు పండును. తెరచినచో చివరి మళ్లు ఎండును. డిస్కుల నిల్వయు నిట్లే. అది నిండినపుడు క్రొత్త వ్రాతకు చోటుండదు. కొన్ని యంత్రములు నడుమ నిలిచిపోవును, కొన్నింటిలో వ్రాయబోయిన లెక్క వ్రాయబడదు. ఎరువులు పంచు దినముననే యిట్లు జరిగిన నెంత చిక్కో యూహింపుడు.

మరియొక చిత్రము గలదు. కల్పిత యంత్రములో పాత ఫైలును తీసివేసినను, ఆ చోటు పెద్ద నిల్వకు దానంతట తిరిగి రాదు. ‘ఈ చోటు నాకిక నక్కరలేదు’ అని క్రిందికి తెలుపవలెను. లినక్సులో ఈ పనిని వారమున కొకసారి తనంతట చేయు నేర్పాటు గలదు. అది లేనిచోట పలుచని డిస్కు క్రమముగా లావెక్కుచుండును.

యంత్రపు నీరుగంటి

పది డిస్కులను ఒక ఉద్యోగి చూచుకొనగలడు. వేయి డిస్కులను, అర్ధరాత్రమునను ఆదివారమునను, చూడజాలడు. గావున నీరుగంటికి చెప్పినట్లు యంత్రమునకు నియమములు వ్రాసియిత్తురు. లినక్సులోని ఎల్‌వీఎం అను సాధనమునకు, ‘నిల్వ నూటికి 70 వంతులు నిండిన వెంటనే 20 వంతులు పెంచుము’ అని యాజ్ఞ వ్రాయవచ్చును. మనిషి నిద్రలో నున్నను అది పని నెరవేర్చును. అయితే పెంచుటకు వెనుక ఖాళీచోటుండవలెను. నీరులేని చెరువునకు నీరుగంటి యేమి చేయగలడు?

2014లో వెలువడిన టెర్రాఫాం వంటి సాధనములు మరికొంత ముందుకు పోయినవి. ఎన్ని యంత్రములు, ఎన్ని డిస్కులు, ఎంత పరిమాణము కావలయునో ఒక పత్రములో వ్రాసిన, అది ఉన్నదానిని వ్రాసినదానితో పోల్చి తక్కువను పూరించును, ఎక్కువను తీసివేయును. ఇందు జాగ్రత్త యవసరము. కొన్ని మార్పులను ఉన్న డిస్కుపై చేయుటకు వీలుపడదు. అట్టిచో అది పాత డిస్కును నాశనముచేసి క్రొత్తదానిని పుట్టించును. ఇది జరుగకుండ ‘నాశనము చేయరాదు’ అను కట్టడిని ముఖ్యమైన డిస్కుపై ముందే వ్రాయవచ్చును.

యజమాని లేని డిస్కుల సంగతియు నున్నది. అమెజాన్ సంస్థ 2022 నవంబరునుండి హైదరాబాదు ప్రాంతమునను క్లౌడ్ సేవలు నడపుచున్నది. వారి పద్ధతిలో డిస్కును పెంచవచ్చును గాని తగ్గించుటకు వీలులేదు. యంత్రమును తీసివేసినను, దానికి తరువాత తగిలించిన డిస్కులు, వేరుగ చెప్పకున్న, నిలిచియే యుండి అద్దె యెక్కించును. పశువు నమ్మినను కొట్టపు అద్దె కట్టుచున్నట్లుండును. అందుచేత ప్రతి డిస్కునకు పేరుచీటి కట్టి, చీటిలేనివాని జాబితాను వారమునకొకసారి యంత్రముచేతనే తీయింతురు.

స్నాప్‌షాట్ విత్తనపు గింజ కాదు

డిస్కు ఈ క్షణమున నున్న స్థితిని గుర్తుపట్టి యుంచుటకు స్నాప్‌షాట్ అని పేరు. సాఫ్ట్‌వేరు మార్చుటకు ముందు దీనిని తీసియుంచిన, చెడిన వెంటనే వెనుకకు పోవచ్చును. కాని వీఎంవేర్ వంటి పద్ధతులలో ఇది పూర్తి నకలు కాదు. పాత డిస్కును కదలింపక నుంచి, అటుపిమ్మట వచ్చిన మార్పులను వేరు ఫైలులో వ్రాయుచు పోవుటయే. దినములు గడచినకొలది ఆ ఫైలు పెరిగి నిల్వను నింపును. అందుచేతనే ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి యుంచవలదని వీఎంవేర్‌వారి సలహా. మూలపు డిస్కు పోయినచో దానితో కూడ నిదియు పోవును.

విత్తనపు ధాన్యమును కల్లములోనే వదలివేయు రైతు గలడా? దానిని వేరింట, వేరుకుండలో నుంచును. లెక్కల నకలు నట్లే వేరుచోట, వేరు డిస్కుపై నుండవలెను. ఎన్ని గంటలకొకసారి నకలు తీయవలెను, ఎన్నిటిని నిలుపవలెను అను నియమమును యంత్రమునకు వ్రాయవచ్చును. అమెజాన్‌వారు 2018లో, పేరుచీటినిబట్టి డిస్కుల నకళ్లను తీసి, కాలము తీరినవానిని తొలగించు నేర్పాటును ప్రవేశపెట్టిరి.

2017లో జరిగిన యొక సంగతి

సాఫ్ట్‌వేరు వ్రాయువారి పనిని భద్రపరచు గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31వ తేదీన ఒక ఉద్యోగి, రెండవ సర్వరులోని దత్తాంశమును తుడువబోయి మొదటిదానిలోనిదానిని తుడిచెను. క్షణములలో ఆపినను, సుమారు 300 జీబీలలో 4.5 జీబీలు మాత్రమే మిగిలెను. నకళ్లకై వెదకగా, దినదినము తనంతట నకలు తీయవలసిన యేర్పాటు సాఫ్ట్‌వేరు సంచికలు పొసగక విఫలమగుచుండెను. విఫలమైనదని తెలుపు ఉత్తరములును చేరక తిరస్కరింపబడుచుండెను. డిస్కుల స్నాప్‌షాట్ల యేర్పాటు ఆ సర్వర్లకు పెట్టబడియే యుండలేదు. ఆరుగంటల క్రిందట మరియొక పనికై చేతితో తీసిన స్నాప్‌షాట్ ఒకటి యుండుటచేత సంస్థ బ్రతికెను. అయినను సుమారు ఆరుగంటల దత్తాంశము పోయెను. ఈ వృత్తాంతమునంతయు సంస్థవారే దాచక ప్రకటించిరి.

ఇందలి నీతి సుస్పష్టము. యంత్రపు కావలి మౌనముగ నున్నదన్న, అంతయు క్షేమమని యర్థము కాదు. కావలివాడు కూతవేయకున్న, దొంగ లేడని కొందరనుకొందురు. కావలివాడే లేడేమో యని చూచువాడు బుద్ధిమంతుడు.

సంఘములు చేయదగిన పనులు

1. నిల్వ 70 వంతులు నిండగనే యంత్రము తెలుపవలెను. తెలిపినదానిని ఒక మనిషి చూచి సంతకము పెట్టవలెను.

2. డిస్కును పుట్టించుట, పెంచుట యంత్రమునకు విడువవచ్చును. తుడిచివేయుట మాత్రము వెంటనే జరుగరాదు. కొన్ని దినముల గడువును, రెండవ మనిషి యనుమతియు నుండవలెను.

3. ప్రతి డిస్కునకు పేరు, పని, బాధ్యుడు వ్రాసిన చీటి యుండవలెను.

4. ఒక నకలు తప్పక వేరుచోట నుండవలెను.

5. నకలు తీసితిమనుట చాలదు; మొలక పరీక్ష చేయవలెను. విత్తనములు కొన్న రైతును, నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి యెన్ని మొలచునో లెక్కింపుమని మేము కోరుచుందుము గదా! అట్లే మూడునెలలకొకసారి నకలునుండి ఖాళీ యంత్రములో లెక్కలను తిరిగి నిలిపి, నాలుగైదు సభ్యుల ఖాతాలను తీసి పాసుపుస్తకములతో సరిచూడవలెను. మొలవని నకలు నకలు కాదు.

ఈ పనులను కార్యదర్శి స్వయముగ చేయనక్కరలేదు. సాఫ్ట్‌వేరు నడపువారు చేయుదురు. కాని చేసిరా యని యడుగు హక్కు సభ్యులది. రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు ప్రశ్నలడుగుడు: మన లెక్కల నకలు ఎక్కడ నున్నది? అది కడపట తిరిగి నిలిపి చూడబడినది ఏ తేదీన? నకలు విఫలమైన నెవరికి తెలియును? ఈ మూడింటికిని జవాబు కాగితముపై వ్రాయించి, సమావేశపు మినిట్సులో చేర్పింపుడు. జవాబు తేదీతో రానియెడల, తేదీ వచ్చువరకు ప్రతి సమావేశమునను మరల అడుగుడు.